గట్టు కొలిచే ఉపగ్రహం

ఉపగ్రహ సంకేతాలతో హద్దులు కొలిచే రోవర్ కర్రను పొలం మూలన ఆనించిన సర్వేయరును రైతు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: తెర మీద ‘ఫిక్స్‌డ్’ అని వచ్చిందా, ‘ఫ్లోట్’ అని ఉందా? ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వేలో ఈ రోవర్లది ముఖ్యపాత్ర. తెలంగాణలోనూ భూమి రికార్డుల కోసం తెచ్చిన భూభారతి చట్టం వచ్చాక పొలానికి సర్వే పటం ఉండాలన్న పట్టింపు పెరిగింది. తెర మీది ఆ ఒక్క మాటలో ఎన్ని సెంట్లు ఇమిడి ఉన్నాయో రైతుకు వివరించాల్సింది సర్వే శాఖలే.

ఫోన్లో దారి చూపే జీపీఎస్‌కూ రోవర్‌కూ మూలసూత్రం ఒకటే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తామెక్కడున్నదీ, సమయమెంతైనదీ రేడియో సంకేతంలో పంపుతుంటాయి. ఆ సంకేతం మన దాకా రావడానికి పట్టిన కాలాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. చోటు తేల్చడానికి మూడు దూరాలు చాలు. కానీ చేతిలోని పరికరంలో ఉండేది చౌక గడియారం, అదెంత తప్పు నడుస్తోందో కూడా తేలాలి కనుక నాలుగో ఉపగ్రహం తప్పనిసరి. సెకనులో పది లక్షలో వంతు తేడా వస్తే దూరం 300 మీటర్లు తప్పుతుంది. అందుకే ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు పెడతారు. అవి ఆగితే ఏమవుతుందో జీపీఎస్‌లాగే చోటు చెప్పే మన దేశపు నావిక్ వ్యవస్థకు అనుభవమే. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన దాని తొలి ఉపగ్రహంలో మూడు రుబీడియం గడియారాలూ పనిచేయడం మానేశాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉన్నా చోటు చెప్పడానికి కొరగాకుండా పోయింది.

బయట చెట్టూ గోడా లేనిచోట కూడా మామూలు ఫోన్ 3 నుంచి 5 మీటర్లు అటూఇటూ చెబుతుంది. ఊరు చేరడానికి అది చాలు, గట్టు తేల్చడానికి చాలదు. 100 మీటర్ల పొడవున్న గట్టు 4 మీటర్లు జరిగితే దాదాపు 10 సెంట్లు, గుంటల్లో అయితే 4 గుంటలు, పొరుగు చేనులో కలిసిపోతాయి. ఫోన్ యాప్ పట్టుకుని చేను చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, ఆ లెక్క మీద బయానా ఇచ్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రోవర్ ఈ తేడాను సెంటీమీటర్లకు దించగలదు. కార్స్ అనే స్థిర కేంద్రాలు తామున్న చోటును ముందే కచ్చితంగా కొలిచి పెట్టుకుని ఉంటాయి. ఉపగ్రహాల నుంచి వచ్చే లెక్క దానితో ఎంత తేడాగా ఉందో చూసి, ఆ సవరణను మొబైల్ డేటా ద్వారా రోవర్‌కు పంపుతాయి. రోవర్ తన వంతుగా రేడియో తరంగాలనే లెక్కపెడుతుంది. జీపీఎస్ ప్రధాన తరంగం పొడవు 19 సెంటీమీటర్లు, అంటే దాదాపు మన పాత సర్వే గొలుసులోని ఒక లింకంత. ఉపగ్రహానికీ తనకూ మధ్య ఎన్ని నిండు తరంగాలున్నాయో తేలితే ‘ఫిక్స్‌డ్’. అప్పుడు తేడా రెండు మూడు సెంటీమీటర్లే. తేలకపోతే ‘ఫ్లోట్’. అప్పుడది జానెడు కావచ్చు, గజం కావచ్చు. మొబైల్ సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో సవరణ తెగితెగి వస్తే జరిగేది ఇదే.

ఫిక్స్‌డ్ అని వచ్చినా పూర్తిగా నమ్మలేని చోట్లున్నాయి. మామిడి తోటలోనో డాబా గోడ పక్కనో సంకేతం కొమ్మల్లో చిక్కుకుని, గోడకు తగిలి మళ్లి వస్తుంది. తరంగాల లెక్క తప్పినా తెర మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. దీనికి మందు రెండోసారి కొలవడమే. అరగంటో గంటో ఆగితే ఉపగ్రహాల అమరిక మారుతుంది. రెండు కొలతలూ నాలుగైదు సెంటీమీటర్లలోపు కలిస్తేనే నమోదు చేయాలి. దట్టమైన తోటల్లో రోవర్‌తో కుస్తీ పట్టడం కన్నా బయట రెండు బిందువులు తీసుకుని, అక్కడి నుంచి కోణాన్నీ దూరాన్నీ నేరుగా కొలిచే టోటల్ స్టేషన్ పరికరంతో కొలవడం మేలు. కర్ర నిలువుగా ఉందా అన్నది మరీ చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ 2 మీటర్ల కర్ర 5 డిగ్రీలు ఒరిగితే కొలత 17 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. కర్రకున్న మట్టం బుడగ నడిమికి వచ్చేదాకా ఆగడానికి పట్టేది కొన్ని క్షణాలే. వేళ కూడా చూసుకోవాలి. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో, ఉపగ్రహ సంకేతాన్ని ఆలస్యం చేసే పైవాతావరణపు పొర అయిన అయనోవరణం మధ్యాహ్నం బాగా చిక్కబడుతుంది, పొద్దుగూకాక కల్లోలంగా ఉంటుంది. ఉదయం పూట కొలవడమే శ్రేయం.

ఇవన్నీ పాటించినా రోవర్ ఇచ్చేది అక్షాంశ రేఖాంశాలు మాత్రమే. ఆ గట్టు పదేళ్ల కిందట ఎవరు జరిపారో దానికి తెలియదు. పొలం కొలతలు రాసిపెట్టిన పాత ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) పటాల్లో గొలుసు కొలతలే ఉన్నాయి, అక్షాంశాలు లేవు. పటానికీ నేల మీది గట్టుకూ తేడా కనిపించినప్పుడు ఏది నిలబెట్టాలో ఇరుగుపొరుగు రైతుల ఎదుట, కాగితాలు చూసి తేల్చాలి. ఆ పని తొందరగా ముగిస్తే ఫిర్యాదులు తప్పవు. ఆంధ్రప్రదేశ్ రీసర్వేలో ఒకే ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్, అంటే భూమి ముక్క పటం) నంబరు కింద పలువురు హక్కుదారుల్ని చేర్చిన జాయింట్ ఎల్‌పీఎంలు ఇందుకు సాక్ష్యం. వాటిని విడదీయడానికి పరికరం సరిపోదు, మనుషులు కూర్చోవాలి.

కాబట్టి మేము కోరేది ఇది. హద్దురాయి పాతే ముందే ప్రతి మూల కొలతనూ తేదీ, వేళ, ఫిక్స్‌డో ఫ్లోటో, రెండు కొలతల మధ్య తేడా ఎంతో రాసి, పటంతో పాటు తెలుగులో ముద్రించి రైతు చేతికివ్వాలి. ఆ వివరాలన్నీ రోవర్‌లో ఎలాగూ నమోదవుతాయి కనుక అదనపు ఖర్చు కాగితమే. ఫ్లోట్‌లో తీసిన మూలలను రైతు అర్జీ పెట్టకుండానే, రుసుము లేకుండా మళ్లీ కొలవాలి. హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్ దేశాల్లో పనిచేసుకునే భూయజమానులకు కొలత గురించి ఫోన్ ద్వారా ముందుగానే కబురందాలి. నోటీసు పంచాయతీ గోడకు అంటించడంతో సరిపెట్టకూడదు. అభ్యంతరాల గడువును కూడా ఆ కొలతల కాగితం రైతుకు అందిన రోజు నుంచే లెక్కించాలి.