మాకు రింగులు ఇవ్వలేదు

మాది రాజమండ్రి. వ్యాపారవేత్తలు పుడతారా, తయారవుతారా అనే చర్చలో నోరు విప్పే హక్కు ఈ దేశంలో మా ఊరికి ఉన్నంతగా ఇంకెవరికీ లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. 1964లో డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఏదో ఒకటి సాధించి తీరాలన్న తపనను శిక్షణతో పుట్టించవచ్చా అన్నది తేల్చుకోడానికి మన తూర్పు గోదావరిని ఎంచుకున్నాడు. కాకినాడ నుంచి 50 మందికి పైగా వ్యాపారస్తులను హైదరాబాదులో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించారు. అప్పట్లో దాన్ని సియెట్ అనేవారు, ఇప్పటికీ యూసుఫ్‌గూడలో ఉంది, పేరే మారింది. అక్కడ వాళ్ళ చేత కథలు రాయించారు, ఆటలు ఆడించారు, లక్ష్యాలు పెట్టించారు. అయితే శిక్షణ పనిచేసిందో లేదో తెలియాలంటే ఏ శిక్షణా ఇవ్వని ఊరు ఒకటి పక్కన ఉండాలి కదా, పోల్చి చూసుకోడానికి.

ఆ ఊరు మాది.

తర్వాత చూస్తే, శిక్షణ పొందిన కాకినాడవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువగా కొత్త వ్యాపారాలు పెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. ఏమీ ఇవ్వకపోతే మనిషి ఎలా ఉంటాడో మేము అచ్చం అలాగే ఉండి శాస్త్రానికి మా వంతు సేవ చేశాం. దీనికి మాకు ఇంతవరకు ఒక శాలువా కూడా కప్పలేదు. 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అని మార్చారు, మా మీద జరిగిన ప్రయోగం అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇంతకీ మెక్‌క్లెలాండ్ దొర వ్యాపారవేత్తను ఎలా గుర్తుపట్టేవాడంటే, రింగులాటతో. మన తిరునాళ్ళలో సబ్బుల మీదికి రింగులు విసురుతారే, అదే, కాకపోతే సబ్బుకు బదులు మేకు. ఎంత దూరం నుంచి వేస్తావో నీ ఇష్టం. కొందరు మేకు పక్కనే నిలబడి టపటపా వేసేస్తారు, వాళ్ళు గుమాస్తాగిరీకి పనికొస్తారు. కొందరు గోడ దగ్గరికి పోయి కళ్ళు మూసుకుని విసురుతారు, వాళ్ళు లాటరీ టిక్కెట్లకు పనికొస్తారు (ఈ బాపతు బిరుదులు నావి, ఆయనవి కావు). కొంచెం కష్టపడితే పడుతుంది అనిపించే దూరంలో నిలబడేవాడిదే సాధించే స్వభావం, అసలు వ్యాపారి వాడే అన్నాడు. కాదనడానికి నాకు అర్హత లేదు. కానీ ఏటా ఎగ్జిబిషన్‌కు పోయేవాడిగా నాకొక సందేహం ఉంది. దగ్గర, దూరం, మధ్య అని విసిరేవాళ్ళ లెక్క తేలింది గానీ, రింగు సబ్బుపెట్టెకంటే నూలుపోగంత మాత్రమే పెద్దదిగా ఉండేట్టు చూసుకుని, ముగ్గురి దగ్గరా డబ్బులు తీసుకుని గల్లాపెట్టె మీద కూర్చున్న వాడి సంగతేమిటి? సిద్ధాంతంలో వాడి గురించి ఒక్క ముక్క లేదు.

దీనికి ముందు 1961లో ఆయన ఇంకో మాట చెప్పాడు. పిల్లల వాచకాల్లో కథలు తీసి, వాటిల్లో సాధించాలన్న తపన ఏపాటి ఉందో లెక్కకడితే ఆ దేశం ఎంత ఎదుగుతుందో చెప్పవచ్చని. ఏడు చేపల కథ ఆయన చేతికి చిక్కలేదు, మన అదృష్టం. చేప ఎండలేదు, ఎందుకంటే గడ్డి అడ్డమొచ్చింది, గడ్డి ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మెయ్యలేదు, ఆవు ఎందుకు మెయ్యలేదంటే పాలేరు మేపలేదు... నేను కర్రీ పాయింట్ పెట్టి నాలుగో నెలలో మూసేసినప్పుడు మా మావగారికి సరిగ్గా ఇదే కథ చెప్పాను. కూర మాడింది, వంటమనిషి రాలేదు, వంటమనిషికి బస్సు దొరకలేదు, ఇలా. ఆ కథ మొత్తం మీద ఆస్తి ఉన్నదీ, దాని జోలికొస్తే ఊరుకోనిదీ చీమ ఒక్కటే. మార్కులేవైనా పడితే బంగారు పుట్టకే పడాలి.

మరి మన దగ్గర వ్యాపారవేత్తను ఎలా గుర్తుపడతాం? పేపర్లో విశేషణం చూసి. పనిలేకుండా ఉంటే ఔత్సాహిక పారిశ్రామికవేత్త. బ్యాంకు లోను మంజూరైతే యువ పారిశ్రామికవేత్త, ఇది యాభై ఏళ్ళ దాకా నడుస్తుంది. ఆ లోను కట్టడం మానేస్తే ప్రముఖ పారిశ్రామికవేత్త.

వీళ్ళను తయారుచెయ్యడానికి ఇప్పుడు ఏర్పాట్లకు కొదవలేదు. 2015లో హైదరాబాదులో టీ-హబ్ వచ్చింది, 2016 జనవరిలో స్టార్టప్ ఇండియా వచ్చింది, ఆంధ్రాలో ఇంటికో పారిశ్రామికవేత్త ఉండాలని నినాదం వచ్చింది. మా ఇంట్లో ఆ పోస్టు ఖాళీ లేదు. మా ఆవిడ పది మంది డ్వాక్రా గ్రూపులో ఏళ్ళ తరబడి వాయిదా తప్పకుండా కడుతూ అందులో కూర్చునే ఉంది, కాకపోతే దాన్ని ఎవరూ పారిశ్రామికం అనరు, పొదుపు అంటారు.

నేను మాత్రం ఆమధ్య ఒక వర్క్‌షాప్‌కు వెళ్ళాను, రెండు రోజులు, నాలుగు వేలు, జీఎస్టీ అదనం. 'మైండ్‌సెట్' అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేక వదిలేశాను. చెప్పిన కుర్రాడు ఇంతకుముందు ఏం వ్యాపారం చేశాడని పక్కాయన్ని అడిగితే, ఇదేనండీ అన్నాడు. తప్పుపట్టడానికేం లేదు, ఇది పెద్దలు వేసిన బాటే. పారిశ్రామికవేత్త అంటే ఎవడో ప్రపంచానికి విడమర్చి చెప్పిన ఆర్థికవేత్త షుంపీటర్ 1921లో వియన్నాలో ఒక బ్యాంకుకు అధ్యక్షుడయ్యాడు. 1924లో ఆ బ్యాంకు మునిగి, ఆయన అప్పులపాలై, మళ్ళీ పాఠాలు చెప్పుకోడానికి యూనివర్సిటీకి పోయాడు. మెక్‌క్లెలాండ్ ఇంకా తెలివైనవాడు, మెక్‌బర్ అని సలహాలమ్మే కంపెనీయే పెట్టాడు. రింగులు విసరలేదు, చూశారా.

శిక్షణ లేకపోతే మనుషులు ఎంత పొరపాట్లు చేస్తారో మా వీధి చివర ఇడ్లీ బండి అక్కను చూస్తే తెలుస్తుంది. పొద్దున నాలుగింటికి లేస్తుంది. డైలీ ఫైనాన్స్‌వాడి దగ్గర పది వేలు అప్పంటే చేతికి తొమ్మిదే వస్తాయి, రోజుకు వంద చొప్పున వంద రోజులు పది వేలూ కట్టాలి. ఆ వడ్డీకి ఏ ఎంబీయే అయినా లెక్క వేసి పారిపోతాడు, ఆవిడకు లెక్క వెయ్యడానికి తీరిక లేదు. వానొస్తే ఎంత పిండి తగ్గించాలో, కాలేజీలకు సెలవులిస్తే చట్నీ ఎంత రుబ్బాలో ఆవిడకు తెలుసు, కానీ పీపీటీ లేదు. వీధి వ్యాపారులకు 2020లో పెట్టిన పథకంలో మొదటి విడత పది వేలు ఇచ్చారు. తీసుకుంది, కట్టేసింది కూడా. "అక్కా, నీ ఎగ్జిట్ ప్లాన్ ఏంటి?" అని అడిగాను, వర్క్‌షాప్‌లో నేర్చుకున్నది వృథా పోకూడదని. "మున్సిపాలిటీ బండి వస్తే ఇటు సందులోంచి పోతాను బాబూ" అంది.

ఈ పరిశోధన ఎక్కడో ఒకచోట ముగించాలి కాబట్టి, మొన్న ఎగ్జిబిషన్‌లో రింగుల స్టాల్‌కు వెళ్ళాను. యాభైకి ఆరు రింగులు. దొర చెప్పినట్టే మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు, మధ్యలో నిలబడి వేశాను. ఐదు పోయాయి. ఆరోది ఒక ప్లాస్టిక్ దువ్వెన మీద వాలి, ఆలోచించి, పక్కకు దొర్లింది. స్టాల్ ఆయనకు 1964 సంగతి మొత్తం చెప్పాను, కాకినాడ, హార్వర్డ్, మా ఊరికి జరిగిన అన్యాయం, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఇంకో ఆరు రింగులు నా చేతిలో పెట్టి, "వెయ్యండి సార్, మీకు నలభైకే" అన్నాడు.

మీదే ఊరని అడిగాను. కాకినాడట.