పిట్టల మధ్యలోంచి పరిగెత్తమన్నాడు

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. పొద్దున్న మా శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో సరుగుడు తోటల్లోంచి పరిగెత్తుకుంటూ వంశధార సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్లాను. తడి ఇసుక మీద ఉల్లంకి పిట్టలు గుంపుగా దిగి మేత ఏరుకుంటున్నాయి. పెద్ద లెన్స్ పట్టుకున్న ఒకతను నన్ను ఆపాడు. "అన్నా, ఒక్కసారి వాటి మధ్యలోంచి పరిగెత్తండి. అన్నీ ఒకేసారి లేస్తాయి, ఫ్రేమ్ అదిరిపోద్ది" అన్నాడు. కుదరదన్నాను. వెంటనే పక్కనున్న స్నేహితుణ్ణి పరిగెత్తించాడు. ఫొటో సరిగా రాలేదని మళ్లీ పరిగెత్తించాడు. అదీ నచ్చక ఇసుక ముద్దలు విసరడం మొదలుపెట్టాడు.

ఆ పిట్టలు ఎక్కడో ఉత్తరాది చలి దేశాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చినవి. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు ఇక్కడ తిన్న తిండితోనే పట్టాలి. మేత మీద ఉన్న పిట్టను లేపితే దాని తిండీ పోతుంది, ఉన్న బలమూ ఖర్చవుతుంది. ఒక ఫొటోగ్రాఫర్‌కి ఇది తెలియదంటే నేను నమ్మను. తెలిసే చేస్తున్నారు.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. రెట్టల వాసన భరిస్తారు, గోల భరిస్తారు, చెట్టు మీద మాత్రం చెయ్యి వెయ్యరు. ఇక్కడ ఈ ఫొటోగ్రాఫర్లు ఫ్రేముకి అడ్డొచ్చిందని సరుగుడు కొమ్మలు విరుస్తున్నారు! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని ఎలా పడుకోబెట్టిందో చూసినవాళ్లెవరూ తీరం మీద చెట్టుని ముట్టుకోరు. గాలి జోరు కాస్తయినా తగ్గించేవి, ఇసుకని పట్టి ఉంచేవి ఆ చెట్లే.

మన రన్నర్లనీ వదలను. తోటలో ట్రైల్ రన్ అని పెట్టి, దారి గుర్తులకు చెట్లకి ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టి, అయిపోయాక అలాగే వదిలేసి పోయిన బ్యాచ్ ఉంది. అడిగితే "వాలంటీర్లు తీస్తారు" అన్నారు. ఎవరూ తియ్యలేదు. నేనూ ఇంకొందరూ కలిసి తీశాం.

అసలు కడుపు మండింది వేరే దానికి. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి, "ఏటి బాబూ, ఆటిని అలగ బెదరగొడతన్నావు? ఆటి మేత ఆటిని మెయ్యనీ" అన్నాడు. అంతే. ఆ ఫొటోగ్రాఫరూ, అతని స్నేహితుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. వెళ్తూ వెళ్తూ ఆయన యాసని ఆయన వెనకాలే అనుకరించారు.

ఈ నవ్వు నాకు కొత్త కాదు. వైజాగ్‌లో హాస్టల్లో చదువుకునేటప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, ఇదే నవ్వు. సినిమాలో మా శ్రీకాకుళం యాస ఎవరి నోట వినిపించినా చాలాసార్లు వాడు వంటవాడో, అమాయకుడో, దెబ్బలు తినేవాడో అయి ఉంటాడు. మా సముద్రం కావాలి, మా సూర్యోదయం కావాలి, మా పిట్టలు కావాలి. మా మనిషి మాట్లాడితే మాత్రం నవ్వొస్తుంది!

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా రాత్రంతా ఒడ్డున తిరిగి, వాటిని ఏరి, గుడ్లు పొదిగించే హేచరీకి చేర్చే పనిలో మన మత్స్యకార కుర్రాళ్లే ఉంటారు. వాళ్లు మాట్లాడేదీ ఆ పెద్దాయన మాటే. రాత్రిపూట ఇసుక మీద లైట్లు వేస్తే తాబేలు ఒడ్డెక్కకుండానే వెనక్కి పోతుంది, పిల్లలు సముద్రం అనుకుని లైటు వైపు పాకి చస్తాయి. ఆ సీజన్‌లో ఫ్లాష్‌లూ టార్చిలూ పట్టుకుని ఎవరైనా దిగితే, ఈసారి కుదరదని చెప్పి ఊరుకోను. ఆ కుర్రాళ్లని పిలిచి కెమెరా బ్యాగు సర్దించి, రోడ్డు దాకా దగ్గరుండి పంపిస్తాను. ఎవరికైనా కోపం వస్తే రానీ.