నల్లజాతి తల్లుల మరణాలకు వాళ్ల శరీరాలే కారణమా?

అమెరికాలో కాన్పు సమయంలోనో, బాలింత రోజుల్లోనో మరణించే ముప్పు తెల్లజాతి స్త్రీల కంటే నల్లజాతి స్త్రీలకు ఎన్నో రెట్లు ఎక్కువని వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెంటే ఒక వాదన ప్రచారమవుతుంది. అసలు లెక్కలే తప్పనీ, ఉన్న కాస్త తేడాకూ పేదరికం, ఊబకాయం, జన్యువులే కారణమనీ, అదే దేశంలో భారతీయ తల్లులు క్షేమంగా ఉన్నారు గనుక వైద్యంలో వివక్ష అన్నది కట్టుకథ అనీ దాని సారాంశం.

లెక్కల సంగతి సగం నిజం. మరణించిన స్త్రీ గర్భవతా, ఈమధ్యనే ప్రసవించిందా అని అడిగే గడిని 2003లో మరణ ధ్రువపత్రం నమూనాలో చేర్చారు. రాష్ట్రాలన్నీ దాన్ని అమలులోకి తెచ్చేసరికి 2017 అయింది. ఈలోగా ఆ గడిలో పొరపాటున టిక్కు పడిన మరణాలు కూడా లెక్కలోకి చేరి, మరణాల రేటు పెరిగినట్టు కనిపించింది. మరణ కారణాల్లో గర్భధారణ ప్రస్తావన ఉన్నవాటినే తీసుకుని 2024లో ప్రచురించిన ఒక అధ్యయనం, లక్ష జననాలకు 1999–2002లో 10.2గా ఉన్న రేటు 2018–21లో 10.4 మాత్రమేనని తేల్చింది. వాదన చేసేవారు ఇక్కడితో చదవడం ఆపేస్తారు. అదే అధ్యయనంలో నల్లజాతి, తెల్లజాతి తల్లుల మధ్య అంతరం పెద్దదిగానే కనిపిస్తుంది. అంటే అది ప్రశ్నించింది కాలక్రమంలో వచ్చిన పెరుగుదలను మాత్రమే. అధికారిక లెక్కల్లో 2023 రేటు నల్లజాతి స్త్రీలకు 50.3, తెల్లజాతి స్త్రీలకు 14.5. ఈ అంకెల్లో కొంత అతిశయం ఉందనుకున్నా, మూడు రెట్లకు పైబడిన తేడాను టిక్కుల పొరపాటు మీదకు నెట్టేయలేం.

పేదరికం ప్రాణాలు తీస్తుందన్నది ఎవరూ కాదనరు. అయితే తేడాకు అదొక్కటే కారణమైతే చదువూ, ఆదాయమూ పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోవాలి. 2007–2016 మధ్య గర్భసంబంధ మరణాలను అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పరిశీలించినప్పుడు దీనికి విరుద్ధంగా తేలింది. డిగ్రీ, ఆపై చదువులున్న నల్లజాతి స్త్రీల మరణ రేటు అంతే చదివిన తెల్లజాతి స్త్రీల రేటుకు 5.2 రెట్లు ఉంది. హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి స్త్రీలతో పోల్చినా 1.6 రెట్లు ఉంది. ఆ సీడీసీలోనే పనిచేసిన నల్లజాతి శాస్త్రవేత్త షాలోన్ ఇర్వింగ్ 2017లో ప్రసవమైన మూడు వారాలకు అధిక రక్తపోటు సమస్యలతో మరణించారు. అదే ఏడాది సిజేరియన్ తరువాత ఊపిరాడక, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని అనుమానించి స్కాన్ చేయమని సెరెనా విలియమ్స్ అడిగితే, మందుల ప్రభావంతో అలా మాట్లాడుతున్నారేమోనని నర్సు భావించినట్టు ఆమే తరువాత వెల్లడించారు. చివరకు స్కాన్‌లో గడ్డలు బయటపడ్డాయి. ప్రపంచ టెన్నిస్‌ను ఏలిన మనిషికే తన ఒంటి సంగతి నమ్మించడం ఇంత కష్టమైతే, ఆసుపత్రిలో ఎవరికీ తెలియని గర్భిణి మాట ఎంత చెల్లుతుందో ఊహించుకోవచ్చు.

ఊబకాయం, బీపీ నల్లజాతి స్త్రీలలో ఎక్కువన్న మాట నిజమే. కానీ జబ్బు రావడం వేరు, వచ్చిన జబ్బుతో చనిపోవడం వేరు. ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ ప్రమాదకరంగా పెరగడం), గుర్రపువాతం (దాంతో వచ్చే మూర్ఛలు), మాయ ముందే విడిపోవడం, మాయ కిందికి ఉండటం, కాన్పు తరువాతి రక్తస్రావం అనే అయిదు సమస్యలపై 2007లో వెలువడిన జాతీయ స్థాయి పరిశీలనలో, ఇవి వచ్చే అవకాశం రెండు జాతులలోనూ పెద్దగా తేడా లేకపోయినా, వచ్చినవారిలో నల్లజాతి స్త్రీలు మరణించే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువని తేలింది.

జన్యువుల వాదనకు ఎక్కువ చోటు అక్కర్లేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆఫ్రికాలో పుట్టి వలస వచ్చిన తల్లుల శిశువుల బరువు సగటున 3,333 గ్రాములనీ, అమెరికాలోనే పుట్టిన నల్లజాతి తల్లుల శిశువులది 3,089 గ్రాములనీ, తెల్లజాతి శిశువులది 3,446 గ్రాములనీ 1997లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఇది తల్లుల మరణాల లెక్క కాదు గానీ, జన్యువులే కారణమైతే ఆఫ్రికా నుంచి వచ్చిన తల్లుల బిడ్డలు తెల్లజాతి బిడ్డలకు అంత చేరువగా ఉండేవారు కాదు.

ఇక మనవారిని సాక్ష్యానికి పిలవడం. 2023లో అమెరికాలో ఆసియా మూలాల తల్లుల మరణ రేటు 10.7 అన్నది నిజమే. అయితే అక్కడి భారతీయులలో చాలామంది చదువునూ, ఉద్యోగాన్నీ చూసి ఇచ్చిన వీసాలతో, ఉద్యోగం ద్వారా వచ్చే ఆరోగ్య బీమాతో స్థిరపడినవారు. ఈ వడపోతను మరచి, తరతరాలుగా అక్కడే ఉన్న సమాజంతో పోల్చుకుని గర్వపడటం న్యాయం కాదు. పైగా వైద్యం ఉచితంగా అందే బ్రిటన్‌లో ఆసియా మూలాల స్త్రీల ప్రసూతి మరణ రేటు తెల్లజాతి స్త్రీల కంటే సుమారు రెండు రెట్ల దాకా నమోదైంది. అమెరికా లెక్కను చూపేవారు ఈ లెక్కను ఎందుకో ప్రస్తావించరు.

తేడా ఎక్కడుందో వెతికినవారికి ఆసుపత్రుల దగ్గరే చాలా దొరికింది. న్యూయార్క్ నగరంలో తీవ్రమైన ప్రసూతి సమస్యల్లోని జాతి అంతరంలో దాదాపు సగానికి, ఎవరు ఏ ఆసుపత్రిలో ప్రసవిస్తున్నారన్నదే కారణం కావచ్చని 2016లో ఒక అధ్యయనం అంచనా వేసింది. కాలిఫోర్నియాలో కొన్ని ఆసుపత్రులు కలిసి రక్తస్రావాన్ని కంటి అంచనాకు వదలకుండా కొలవడం, అవసరమైన మందులూ పరికరాలూ ఉన్న బండిని ప్రసూతి వార్డులో సిద్ధంగా ఉంచడం, ఎవరు ఎప్పుడు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవడం వంటి పద్ధతులను ప్రతి తల్లికీ ఒకే విధంగా అమలు చేశాయి. అక్కడ రక్తస్రావం వల్ల వచ్చే తీవ్ర సమస్యలు రెండు జాతుల స్త్రీలలోనూ తగ్గాయి, వారి మధ్య అంతరమూ తగ్గింది. ఆ తల్లుల జన్యువులను గానీ, జీతాలను గానీ, శరీర బరువును గానీ ఆసుపత్రులు మార్చలేదు.