ఎఫ్ గ్రేడును దాచమనే సలహాకు జవాబు

ఉగాది సెలవుల్లో మొదలై, ఇప్పటికి మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ బృందాలన్నీ చుట్టి వచ్చిన సందేశం ఒకటి ఉంది. ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో పరీక్ష తప్పిన పిల్లల తల్లిదండ్రులకు ‘అనుభవజ్ఞుడి సలహా’ అన్న పేరుతో తిరుగుతోంది. ఒక్క సబ్జెక్టు తప్పి ఎఫ్ పడినా దరఖాస్తు చెత్తబుట్టలోకే, పేరున్న విదేశీ విశ్వవిద్యాలయానికి మారడం అసాధ్యమట. అందుకని పాత కాలేజీ ఊసెత్తకుండా ఇంటర్ మార్కులతో కొత్త విద్యార్థిలా దరఖాస్తు పెట్టాలట. చెప్పక తప్పకపోతే ఒక్క సెమిస్టర్ బాగా చదివి, ఇంట్లో కష్టాలున్నాయని రాస్తే సరిపోతుందట. అదీ కుదరకపోతే, పాసైన సబ్జెక్టుల క్రెడిట్లను జమ చేసుకునే క్రెడిట్ల బ్యాంకు వచ్చింది కాబట్టి ఐఐటీలోకే మారిపోవచ్చట.

మొదటి వాక్యంలో అసాధ్యం, మూడో వాక్యానికి వచ్చేసరికి ఒక్క సెమిస్టర్ పని. నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండే అనంతపురం ఆయన ఫోను నా చేతికిచ్చి, “అన్నగారూ, మావాడికి మొదటి ఏడాదిలోనే రెండు బ్యాక్‌లాగులు. ఇందులో చెప్పినట్లే చేద్దామనుకుంటున్నాం” అన్నారు. ఆదివారాలు పిల్లల దరఖాస్తులు చదివి దిద్దుతుంటాను కాబట్టి నన్ను అడిగారు. ఇంకో అర్హత కూడా ఉంది, ఆయనకు తెలియదు: నా బీటెక్ మార్కుల జాబితాలో గణితం రెండో పేపరు పక్కన ఎఫ్ ఉంది.

“ఒక్క ఎఫ్ పడితే దరఖాస్తు చెత్తబుట్టలోకే” అన్న మాట ముందు చూద్దాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థలో మూడో ఏడాదికి మారాలనుకునే బయటి విద్యార్థికి నాలుగుకు కనీసం 2.8 గ్రేడు సగటు ఉండాలి, ఆ రాష్ట్రం వారికైతే 2.4. నిబంధన సగటు మీద ఉంది, తప్పిన సబ్జెక్టుల లెక్క మీద కాదు. కనీస సగటుతో బర్క్‌లీలోనో లాస్ ఏంజలిస్‌లోనో సీటు వస్తుందని అనుకోవద్దు, అక్కడి పోటీ చాలా పైన ఉంటుంది. అయినా దరఖాస్తును చదవకుండా పారేస్తారన్నది అబద్ధం. ఇక నిజంగా మూసి ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి, వాటికీ ఎఫ్‌కూ సంబంధం లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లు వేరే విశ్వవిద్యాలయంలో చదువుతున్న వారిని మధ్యలో చేర్చుకోవు, తరగతిలో మొదటివాడైనా అంతే. ప్రిన్స్‌టన్ 1990 నుంచి 2018 దాకా అలా ఒక్కరినీ తీసుకోలేదు. హార్వర్డ్ ఏటా తీసుకునేది డజను మందిని, అటూ ఇటుగా.

అన్నింటికంటే ప్రమాదకరమైనది రెండో సలహా. పాత కాలేజీ పేరే చెప్పవద్దట!

కాలిఫోర్నియా లెక్కలో బడి చదువు ముగిశాక, ఆ వెంటనే వచ్చే వేసవిని మినహాయించి, ఏ కాలేజీలోనైనా చేరి చదివినవారు కొత్త విద్యార్థి కిందికే రారు. కొత్త విద్యార్థినని చెప్పుకున్నంత మాత్రాన ఆ గీత దాటలేరు. చాలా అమెరికా విశ్వవిద్యాలయాలు వాడే కామన్ యాప్ బదిలీ దరఖాస్తులో చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయాలి, పత్రాలు పంపాలి, చెప్పినదంతా నిజమని సంతకం చేయాలి. ఇప్పుడున్న కాలేజీ అధికారి ఒక నివేదిక నింపి పంపాలని అడిగేవీ వాటిలో ఉన్నాయి. సరే, ఇవన్నీ దాటించారనుకుందాం. ఇంటర్ పూర్తయిన ఏడాదికీ దరఖాస్తు పెట్టిన ఏడాదికీ మధ్య రెండేళ్లు అబ్బాయి ఏం చేశాడు? అక్కడ ఇంకో అబద్ధం కావాలి. వీసా ఫారంలో చదివిన విద్యాసంస్థల వివరాలు అడుగుతారు, అక్కడ మూడోది. విశ్వవిద్యాలయానికి చెప్పిన అబద్ధం బయటపడితే సీటు పోతుంది, కొన్నిసార్లు పట్టా కూడా. వీసా అధికారికి ముఖ్యమైన విషయంలో తెలిసి తెలిసి అబద్ధం చెబితే ఆ దేశంలో అడుగుపెట్టకుండా జీవితాంతం ఆపడానికి వారి వలస చట్టంలో వీలుంది. రెండు ఎఫ్‌ల కోసం అంత పందెమా? తెలుగులో పరీక్ష తప్పడానికీ తప్పు చేయడానికీ మాటలు పక్కపక్కనే ఉంటాయి కానీ, ప్రవేశాలు చూసేవారు ఆ రెంటినీ ఎన్నడూ కలిపి చూడరు.

ఇందులో డబ్బు లెక్క కూడా ఒకటుంది. ఆ సందేశం రాసినవారికి అది తట్టినట్లు లేదు. తప్పిన రెండు సబ్జెక్టుల్ని దాచాలంటే పాసైన మిగతా సబ్జెక్టులన్నింటినీ దాచాలి. వాటి క్రెడిట్లలో కొన్నింటినైనా కొత్త చోట ఒప్పుకునే అవకాశం ఉంటుంది, అంటే అంత మేర రుసుము మిగులుతుంది. ఇప్పటికే కట్టిన ఏడాది రుసుమును కాలువలో పోసి, డాలర్లలో మొదటి నుంచి కట్టమనే సలహా ఇది.

“ఒక సెమిస్టర్ బాగా చదివితే చాలు” అన్నదానికి కాగితం, కలం తీసుకుని ఆయన ముందే లెక్క వేశాను. అమెరికా పద్ధతిలో ఏడాదికి 30 క్రెడిట్లు అనుకుందాం. ఆరు క్రెడిట్ల ఎఫ్‌లకు సున్నా, మిగతా 24కు 2.5 సగటు. మొత్తం మీద సరిగ్గా 2.0. తర్వాతి సెమిస్టర్‌లో 15 క్రెడిట్లకూ అన్నీ ‘ఏ’ గ్రేడులే, అంటే నాలుగుకు నాలుగే, తెచ్చినా సగటు 2.67. కాలిఫోర్నియా కనీసానికే చేరలేదు. పూర్తి ఏడాది ఒక్క బీ కూడా లేకుండా చదివితే 3.0. తప్పిన సబ్జెక్టు మళ్లీ చదివితే లెక్క మారే చోట్లున్నాయి, అది ఆయా సంస్థల నిబంధనలను బట్టి ఉంటుంది. ఆయన ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

అందుకే తొందరపడి ఈ ఏడాదే దరఖాస్తు పెట్టడం కంటే ఇంకో ఏడాది ఆగడం మేలన్నాను. లేదా కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీల) దారి. అక్కడ రెండేళ్లు చదివినవారికే ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు బదిలీల్లో తొలి ప్రాధాన్యం ఇస్తాయి. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఈ ఆరు ప్రాంగణాలూ చెప్పిన సబ్జెక్టులు చదివి, అడిగిన సగటు తెచ్చుకుంటే సీటుకు ముందే హామీ ఇస్తాయి, అన్ని కోర్సుల్లో కాకపోయినా. బర్క్‌లీ, లాస్ ఏంజలిస్, శాన్ డియెగో ఈ హామీ ఇవ్వవు. పాత మార్కుల పత్రాలు ఈ దారిలోనూ ఇవ్వాల్సిందే.

ఇక ఆ ‘ఇంట్లో కష్టాలు’. అబ్బాయి రాసిన మొదటి వ్యాసం చూశాను: తాతగారి అనారోగ్యం గురించి మూడు పేరాలు, మెకానిక్స్ ఎందుకు తప్పాడో ఒక్క ముక్క లేదు. అడిగితే తల వంచుకుని, “తాతయ్యకు బాగోలేనిది నిజమే మామయ్యా, కానీ అది రెండో సెమిస్టర్‌లో. నేను తప్పింది మొదటిదాంట్లో” అన్నాడు. తరగతులకు సరిగా వెళ్లలేదు, అంతే సంగతి. ఆ మూడు పేరాలు తీసేసి, ఎందుకు తప్పాడో నాలుగు వాక్యాలు, ఇప్పుడేం మారిందో ఆరు వాక్యాలు రాయమన్నాను. దానికి రుజువు కూడా అదే సబ్జెక్టులో ఉండాలి. గణితం తప్పినవాడు తర్వాతి గణితంలో మంచి గ్రేడు చూపాలి. ఇంకో సబ్జెక్టులో పతకం తెచ్చినా ఆ ప్రశ్నకు జవాబు కాదు.

ఐఐటీ సంగతి త్వరగా తేల్చవచ్చు. అకడమిక్ క్రెడిట్ బ్యాంకు నిబంధనలు 2021లో వచ్చాయి. సంపాదించిన క్రెడిట్లు అందులో జమ అవుతాయి. తప్పిన సబ్జెక్టుకు జమ అయ్యేదేమీ ఉండదు, ఉన్న జమతో సీటు పుట్టదు. ఐఐటీ బీటెక్‌కు దారి జేఈఈ అడ్వాన్స్‌డ్, అది కూడా వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. మరి ఈ పుకారుకు మూలం ఎక్కడుందంటే, బహుశా ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీలో. దానికి జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష పాసైతే చేర్చుకుంటారు, ఇంజనీరింగ్‌లో ఎన్ని సబ్జెక్టులు తప్పారని చూడరు, ఉన్న కాలేజీ మానాల్సిన పని కూడా లేదు. కానీ అది బీటెక్ కాదు, బదిలీ అంతకన్నా కాదు. మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి.