సవరణ: ఫ్రాటర్నిటీ, హేజింగ్, బిడ్ గురించి

అమెరికాలో డిగ్రీకి వెళ్లే పిల్లల కోసం మొన్న ఫ్రాటర్నిటీల (కాలేజీల్లో మగపిల్లలు చేరే విద్యార్థి సంఘాల) గురించి రాస్తూ, "హేజింగ్‌కి (చేర్చుకునే పేరుతో కొత్తవాళ్లని వేధించడానికి) కొత్త మెంబరు తనే ఒప్పుకుంటే కేసు నిలవదు" అన్నాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాశాను.

చాలా రాష్ట్రాల చట్టాల్లో ఆ ఒప్పుకోలు నిందితుణ్ణి కాపాడదు. పెన్సిల్వేనియా చట్టం తీసి చదివితే ఈ మాట సూటిగానే ఉంది. 2017లో పెన్ స్టేట్ యూనివర్సిటీలో తిమోతీ పియాజా అనే కుర్రాడు ఫ్రాటర్నిటీలో కొత్త సభ్యుడిగా అడుగుపెట్టిన రాత్రే అతిగా తాగించడంతో మెట్ల మీంచి పడి, ఆ దెబ్బలకి చనిపోయాడు. 2018లో అతని పేరు మీదే ఆ చట్టం తెచ్చారు. మన ర్యాగింగ్ లాంటిదే ఈ హేజింగ్, కాకపోతే ఇందులో చేరాలన్న ఆశే ఎర.

ఇంకొకటి. 'బిడ్' వస్తే మెంబరైపోయినట్టేనని కొందరు అనుకున్నారు, నేను రాసిన తీరు అలా ఉంది మరి. బిడ్ అంటే ఫ్రాటర్నిటీ నుంచి చేరమని వచ్చే పిలుపు మాత్రమే. మామూలుగా ఆ తర్వాత కొన్ని వారాలు కొత్త సభ్యుడిగా ఉండాలి, ఆపైనే ఇనీషియేషన్, అంటే పూర్తి సభ్యుడిగా చేర్చుకోవడం. మధ్యలో వద్దనుకుంటే బయటికి రావచ్చు. కట్టిన ఫీజు తిరిగిస్తారా లేదా అన్నది మాత్రం చేరకముందే రాతలో అడిగి తెలుసుకోండి.