గుమ్మడి గుజ్జు డబ్బా గారికి

మహారాజశ్రీ 15 ఔన్సుల గుమ్మడి గుజ్జు డబ్బా గారి దివ్యసముఖమునకు, అమెరికాలో లేనివాళ్ళకి ఉచితంగా తిండి సరుకులిచ్చే ఓ ఫుడ్ ప్యాంట్రీలో, దానంగా వచ్చిన సరుకు ఏరే సార్టింగ్ బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళు చేసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి.

నవంబరు చివర థ్యాంక్స్‌గివింగ్ పండగ దగ్గరపడిందంటే తమరికి ఎక్కడలేని దానగుణం పుట్టుకొస్తుంది. మూడేళ్ళుగా పై అరలో, వెనక వరసలో తపస్సు చేసుకుంటున్న తమరు, బడి నుంచి పిల్లాడు ఫుడ్ డ్రైవ్ కాగితం, అంటే తిండి సరుకులు దానమివ్వమనే పిలుపు, తేగానే అరటిపళ్ళ అట్టపెట్టె ఎక్కి ఊరేగింపుగా వచ్చేస్తారు. ఇంటివాళ్ళకి స్వామికార్యమూ స్వకార్యమూ.

రాగానే తలకిందులు చేసి తేదీ చూస్తాం. కంగారుపడకండి. ‘బెస్ట్ బై’ అంటే రుచికి కంపెనీ పెట్టుకున్న గడువే గాని విషమయ్యే ముహూర్తం కాదు. గుమ్మడి, మొక్కజొన్న లాంటి పులుపులేని సరుకు చల్లగా, పొడిగా ఉంచితే రెండు నుంచి అయిదేళ్ళు నిలుస్తుంది. టమాటా, పైనాపిల్ అయితే ఏడాది, ఏడాదిన్నర. పసిపిల్లల ఫార్ములా పాలపొడికి మాత్రం ఈ వెసులుబాటు లేదు, తేదీ దాటితే చెత్తబుట్టే. తర్వాత అంచు వెంట వేలు తిప్పుతాం. పొట్టమీద చిన్న సొట్ట ఉంటే పోనిస్తాం, తుడిస్తే పోయే తుప్పునూ పోనిస్తాం. అతుకు మీద సొట్ట, వేలు దిగబడేంత సొట్ట అయితే అక్కడ సీలు వదిలి ఉండొచ్చు. మూత ఉబ్బిందా, లోపల ప్రాణాలు తీసే విషం పుట్టించే బాట్యులిజం క్రిమి కాపురం పెట్టిందేమోనన్న భయం. తెరిచి వాసనైనా చూడం. లేబుల్ ఊడిపోయిన తమరి తమ్ముళ్ళ కడుపులో పీచ్ ముక్కలున్నాయో, కుక్కల తిండి ఉందో ఆ పైవాడికే తెలియాలి.

ఈ పరీక్షలన్నీ గట్టెక్కారే అనుకోండి. అసలు చిక్కు అప్పుడే. తమరు ఒంటరిగా వస్తారు! తమరు పండగనాటి తీపి వంటకం ‘పంప్‌కిన్ పై’ అవతారం ఎత్తాలంటే రెండు గుడ్లు, 12 ఔన్సుల ఎవాపరేటెడ్ మిల్క్, ముప్పావు కప్పు పంచదార, దాల్చినచెక్క పొడి, ఆ ‘పై’కి అడుగున పరిచే 9 అంగుళాల పిండి క్రస్ట్, గంటసేపు వేడెక్కే అవెన్ కావాలి. అన్నిటికన్నా ముందు క్యాన్ ఓపెనర్ కావాలి. మోటెల్ గదిలో మైక్రోవేవ్‌తో నెట్టుకొస్తున్న మనిషికి తమరు ఉత్త 425 గ్రాముల బరువు. ఆ ఓపెనర్‌ని ఫుడ్ స్టాంపులతో, అంటే తిండి కొనుక్కోమని సర్కారు ఇచ్చే స్నాప్ సాయంతో, కొందామంటే కుదరదు. స్నాప్ కార్డు మీద సబ్బు రాదు, డైపర్లూ రావు. అవి ఇచ్చేవాళ్ళు వేళ్ళమీద లెక్క.

మన తెలుగిళ్ళ నుంచి వచ్చే తమరి చుట్టాల సంగతీ చెప్పాలి. సీలు విప్పని కందిపప్పు ప్యాకెట్ అయితే కళ్ళకద్దుకుంటాం. 20 పౌండ్ల సోనామసూరి బస్తా విప్పి, జిప్‌లాక్ సంచుల్లో ముద్దుగా సర్ది పంపితే మాత్రం లేబుల్ లేదు, ఎలర్జీ వివరం లేదు, పారబోయక తప్పదు. ఇంట్లో పెట్టిన ఆవకాయకూ ఇదే గతి. అత్తగారి హస్తవాసి మీద మాకేమీ అనుమానం లేదు, నిబంధన అది.

డిసెంబరులో తమరి వెంట మనుషులూ వెల్లువెత్తుతారు. ఆరుగురు చాలిన బల్ల చుట్టూ పదిహేనుమంది చేరి, ఒక్కో డబ్బాని ముగ్గురేసి పరీక్షిస్తారు. సెల్ఫీ అయ్యాక అరలు సర్దుతారు, కొత్తవి ముందుకి, పాతవి వెనక్కి. తిరగేసి చేయాల్సిన పని అది. తమరికి ఇక్కడా వెనక వరసే! జనవరి నడిమికి అరలు బోసిపోతాయి, ఆ పదిహేనుమందిలో ఒక్కరూ కనపడరు. ఆకలికి మాత్రం సెలవుల క్యాలెండర్ అందినట్టు లేదు.

1967లో ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన, మాలాంటి ప్యాంట్రీలకి సరుకు చేర్చే గిడ్డంగి లాంటి ఫుడ్ బ్యాంకుల్లో తొలిదాన్ని పెట్టింది చెత్తబుట్టకు పోయే మంచి తిండిని జనానికి చేర్చడానికి. తమరేమో చెత్తబుట్టకు దారి మా బల్ల మీదుగా వేసుకున్నారు. తమరి ఖరీదు డబ్బుగా ఇస్తే ఫుడ్ బ్యాంకువాళ్ళు టోకు ధరకి అంతకంటే ఎక్కువే కొంటారు. కానీ డాలరు నోటుతో ఫొటో ఏం బావుంటుంది, పాపం!

ఇట్లు,
తమరి అడుగున తేదీ వెతుక్కునేవాళ్ళు

తా.క.: తమరి నెత్తిన ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. ఆ కొట్టు మూసేసి రెండేళ్ళయింది.