ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, బడి భోజనం ఒక్కరికే

కంచరపాలెంలో మా వీధి చివర ఒక కుటుంబం ఉంది. ఆయన ఆటో తోలతాడు, ఆవిడ పొద్దున ఆరింటికల్లా అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్లిపోతుంది. పిల్లాడు నాలుగో తరగతి, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బడి. పాప రెండో తరగతి, విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడులు పేద పిల్లలకి ఇవ్వాల్సిన 25 శాతం కోటాలో ఉచిత సీటు వస్తే దగ్గర్లోని కాన్వెంటులో వేశారు. మధ్యాహ్నం పిల్లాడికి వేడన్నం, కూర, ఉడికించిన గుడ్డు. పాపకి తెల్లవారుజామున ఐదింటికి వండి కట్టిన క్యారేజీ, చాలా రోజులు పచ్చడన్నమే, వాళ్లమ్మకి ఒంట్లో బాగోకపోతే ఆ రోజు రెండు బిస్కెట్ ప్యాకెట్లు. ఇద్దరూ ఒకే రేషన్ కార్డులో ఉన్నారు, ఇద్దరూ ఒకే వీధి నుంచి బయల్దేరి వెళ్తారు, అయినా ప్రభుత్వం పెట్టే అన్నం ఒకరికి ఉంది, ఒకరికి లేదు.

ఇందులో ఏ హెడ్మాస్టరు తప్పూ లేదు, చట్టమే అలా రాసి ఉంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి వరకు పిల్లలకి సెలవు రోజులు తప్ప ప్రతిరోజూ ఒక పూట ఉచితంగా భోజనం పెట్టాలి. కాకపోతే ఆ పిల్లలు స్థానిక సంస్థల బడిలోనో, ప్రభుత్వ బడిలోనో, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడిలోనో ఉండాలి. అంటే అర్హత పిల్లకి లేదు, బడికి ఉంది.

అలాగని ఈ మధ్యాహ్న భోజన పథకాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1995లో మొదలైనప్పుడు చాలా చోట్ల నెలకింత అని బియ్యం కొలిచి ఇచ్చేవాళ్లు, 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాకే వండిన అన్నం పెట్టడం దేశమంతా మొదలైంది, మన దగ్గర 2003 జనవరి నుంచి. తర్వాత గోరుముద్ద అన్నారు, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, గుడ్డు, చిక్కీ, రాగిజావ వచ్చాయి, 2025 జూన్ నుంచి సన్నబియ్యం కూడా ఇస్తున్నారు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఒకటుంది. ఈ భోజనానికి కార్డు అడగరు, ఆదాయం సర్టిఫికెట్ అడగరు, కూలివాళ్ల పిల్లాడూ క్లర్కు గారి పిల్లాడూ ఒకే వరసలో కూర్చుని తింటారు, ఎవరు పేదో పళ్లెం చూసి చెప్పలేం.

ఇది చిన్న విషయం అనుకోకండి, డబ్బున్న దేశాలు కూడా దీని దగ్గర తడబడ్డాయి. ఇంగ్లాండులో మొదటి మూడేళ్ల తరగతులకి 2014 నుంచి అందరికీ ఉచితమే, ఆ పైన మాత్రం యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ సాయం తీసుకునే కుటుంబమై ఉండాలి, పైగా సంపాదన ఏడాదికి 7,400 పౌండ్లు దాటకూడదు అన్నారు. 2018లో పెట్టిన ఆ గీత ధరలు ఎంత పెరిగినా కదల్లేదు, కొంచెం ఎక్కువ గంటలు పనిచేసిన తల్లి పిల్లల భోజనం పోగొట్టుకునే పరిస్థితి వచ్చింది. చివరికి 2026 సెప్టెంబరు నుంచి ఆ ఆదాయం గీత తీసేస్తామని ప్రకటించారు. లండన్ మేయరైతే 2023 నుంచే ప్రాథమిక బడుల్లో అందరికీ పెట్టిస్తున్నారు, వేల్స్‌లో కూడా ప్రాథమిక పిల్లలందరికీ ఉచితమే.

మన దగ్గర అలాంటి గీతలు ఎలా పనిచేస్తాయో, బడికెళ్లే పిల్లల తల్లులకి డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం చూస్తే తెలుస్తుంది. ఆ డబ్బు ప్రైవేటు బడి పిల్లల తల్లులకీ వస్తుంది, అది నిజంగా మంచి నిర్ణయం. కానీ ఆదాయం, భూమి, కారు, నెలకి 300 యూనిట్ల కరెంటు అని వరసగా వడపోతలున్నాయి. మా బంధువుల్లో ఒకావిడ ఆధార్‌కి ఎవరిదో కరెంటు మీటరు లింకయి ఉంటే అది తీయించుకోడానికి కూలి మానుకుని ఎన్ని రోజులు తిరిగిందో నాకు తెలుసు. డబ్బు కాబట్టి లేటుగానైనా వస్తే పనికొస్తుంది. సోమవారం తినని అన్నం శుక్రవారం ఇస్తే ఏం లాభం? అందుకే భోజనానికి కార్డు పెట్టొద్దు, తల్లికి వందనంలా ప్రైవేటు బడి గేటు మాత్రం దాటించండి అంటున్నాను.

ప్రైవేటు యాజమాన్యం కదా, ఎలా పెడతాం అంటారు. ఎయిడెడ్ బడులు నడిపేదీ ప్రైవేటు యాజమాన్యాలే, అక్కడ ఎప్పటినుంచో పెడుతున్నాం. 2021లో ఎయిడెడ్ బడులు ప్రభుత్వ సాయం వదులుకోవడం మీద గొడవ వచ్చినప్పుడు మన విశాఖలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు, అందరూ ఫీజుల గురించే మాట్లాడారు గానీ, ఎయిడ్ వదిలేసుకుని మామూలు ప్రైవేటు బడి అయిపోతే అదే గదిలో, అదే బెంచీ మీద కూర్చున్న పిల్లలకి భోజనం హక్కు కూడా పోతుందన్న సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

నాకు తెలిసిన ఒక ప్రభుత్వ టీచరు గారు దీనికి ఒప్పుకోరు. "మా దగ్గరికి పిల్లలు వస్తున్నదే అన్నం ఉందని, అది కూడా కాన్వెంట్లకి ఇస్తే మా బడి మూసుకోవడమే" అన్నారు. ఆయన భయం ఉత్తదేమీ కాదు, పిల్లలు తగ్గిన బడులు పక్క బడుల్లో కలిసిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. కానీ కాన్వెంటులో వేసిన తల్లి అన్నం పోతుందని తెలిసే వేసింది, అయినా వేసింది. ఆమెను వెనక్కి తేవాలంటే తరగతికో టీచరు ఉండాలి. ఆరేళ్ల పిల్ల ఆకలిని అడ్డం పెట్టి బడిని నిలబెట్టుకోవడం నాకైతే సరైన పని అనిపించదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. కోటా పిల్లలకి మాత్రమే పెడదామంటే, నలభై మంది ఉన్న తరగతిలో పదిమంది లేచి పళ్లాలు పట్టుకోవాలి, మిగతావాళ్లు బాక్సులు తెరుస్తూ చూస్తారు. కోటా పిల్లలని విడిగా కూర్చోబెట్టకూడదని విద్యాహక్కు నిబంధనలు చెబుతున్నాయి, మనమే అన్నం పెట్టి వాళ్లని వేరు చేసినట్టు అవుతుంది. చాలా ఆలోచించాక నాకు తోచింది ఇది. అర్హత పరీక్ష పెట్టాలనుకుంటే ఇంటికి కాకుండా బడికి పెట్టండి. ఫీజు ఒక పరిమితి లోపల ఉన్న చిన్న కాన్వెంట్లు, అరిలోవలో, గాజువాకలో సందుకొకటి ఉంటాయే, వాటిని మొత్తంగా తీసుకోండి, ఐదో తరగతి వరకు అడిగిన ప్రతి పిల్లకీ పెట్టండి. పెద్ద ఏసీ స్కూళ్ల జోలికి వెళ్లనక్కర్లేదు.

ఖర్చు మాటకొస్తే, ప్రాథమిక తరగతుల్లో ఒక్కో పిల్లకి రోజుకి పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ కోసం ఇచ్చేది 2025 మే నుంచి 6.78 రూపాయలు. 220 రోజులు పెట్టినా 1,500 దాటదు. బియ్యం, గుడ్డు, వంటవాళ్ల జీతం వేరే, అవి కలిపినా రాష్ట్రం మోయలేని బరువని నేననుకోను. నగరంలో చాలా బడులకి అక్షయపాత్ర అనే సంస్థ వంటశాల నుంచి వ్యాన్లలో భోజనం వస్తోంది, ఆ దారిలో ఇంకో నాలుగు చోట్ల ఆగాలి, అంతే. వంటవాళ్లని పెంచాల్సిన చోట మాత్రం 2019లో ఖరారు చేసిన నెలకి 3,000 గౌరవ వేతనంతో నెట్టుకురావడం కుదరదు, పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్లకి ముందు అది పెంచాలి.

సెలవుల సంగతి కూడా ఉంది. జాలరిపేటలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, 61 రోజులు మోటారు పడవ కదలదు. బడికి వేసవి సెలవులూ దాదాపు అప్పుడే. ఇంట్లో సంపాదన లేని రెండు నెలల్లోనే బడి అన్నం కూడా ఉండదు. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కరోనా టైములో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకి పంపించాం కూడా. తీరంలో ఆ రెండు నెలలూ అలాగే పంపడానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

మొన్న సాయంత్రం ఆ పిల్లాడు బడి నుంచి వస్తుంటే జేబు ఎత్తుగా కనిపించి ఏంట్రా అది అని అడిగాను. చిక్కీ. బడిలో ఇచ్చింది తినకుండా దాచుకున్నాడు. "చెల్లికి వాళ్ల స్కూల్లో ఇవ్వరు కదండీ" అన్నాడు.